ముప్పై ఎనిమిదో నంబరు

మార్చి 4, మంగళవారం

ఈ నోటుబుక్కు ఈ రోజే కొన్నాను. రాయడానికి కారణం ఒక్కటే. మా పరిశోధన పేపర్లో నేను రాసిన ఒక వాక్యం నిజమేనని నాకే నమ్మకం కుదురుతోంది. ఇంకో నెల పోతే అసలేం జరిగిందో గుర్తుండదు. గుర్తున్నప్పుడే రాసిపెట్టుకోవాలి.

ఆ వాక్యం ఇది: "సూచనలు అర్థం కానందువల్ల ఐదుగురి సమాధానాలను లెక్కలోంచి తొలగించాం."

ప్రతి పదమూ నాదే. మా గైడు మేడం ఒక్క అక్షరం దిద్దలేదు. క్లుప్తంగా ఉంది, బాగుంది అన్నారు.

ఈ రోజు పొద్దున్న ఆ పేపర్ని పత్రిక వాళ్ళు అచ్చుకి ఒప్పుకున్నట్టు కబురొచ్చింది. చివరి ప్రతి 28లోగా పంపాలి. మేడం సదస్సుకని వేరే ఊళ్ళో ఉన్నారు, అక్కణ్ణుంచే ఫోన్ చేశారు. "ఇక నీ ఉద్యోగం ఖాయమైనట్టే అమ్మాయ్" అన్నారు. నన్ను తీసుకుంటామన్న ల్యాబ్ వాళ్ళు ఈ పేపర్ కోసమే ఆగారు. చెవులాయన మా ల్యాబంతా తిరిగి అందరికీ టీ పంచాడు. రోజంతా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకునే ఉంటాడు కాబట్టి ఆయన్ని అలా అంటాం. మోడల్ నడిపింది ఆయనే, పేపర్లో రెండో పేరు ఆయనదే.

అందరూ సంతోషంగా ఉన్నారు. నేను మూడంతస్తుల మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగాను. పనేమీ లేదు.

మార్చి 5, బుధవారం

మొదటి నుంచి రాస్తాను.

ప్రశ్న చిన్నదే. బొమ్మ చూడగానే ఇది ఫలానా అని మనిషి దేన్నిబట్టి చెబుతాడు? ఆకారాన్ని బట్టా, పైపొరని బట్టా? లక్షల ఫొటోలు చూపించి నేర్పిన న్యూరల్ నెట్‌వర్క్ మోడల్ దేన్నిబట్టి చెబుతుంది? రెండూ ఒకేలా చూస్తే, మోడల్‌ని విప్పి చూసి మన చూపు గురించి తెలుసుకోవచ్చు. మనిషి తలకాయ విప్పి చూడలేం కదా.

అందుకని పేచీ బొమ్మలు తయారుచేశాను. ల్యాబ్‌లో అందరూ వాటిని అలాగే పిలుస్తారు. కుర్చీ ఆకారం, దాని నిండా చేప పొలుసులు. పడవ ఆకారం, ఎలుగుబంటి బొచ్చు. బాతు ఆకారం, ఇటుక గోడ. అలాంటివి రెండు వందల నలభై. ఒక్కోటీ తెర మీద రెప్పపాటు సేపే ఉంటుంది. చూసినవాళ్ళు ఏముందో చెప్పాలి. మధ్యమధ్య ఇరవై నాలుగు మామూలు బొమ్మలు కూడా పెట్టాను, మనిషి మెలకువగా ఉన్నాడో లేదో తెలియడానికి. వాటిలో పద్దెనిమిదికి తగ్గితే తీసెయ్యాలని రూలు పెట్టింది నేనే.

విద్యార్థులు ముప్పై ఐదుగురు వచ్చారు. నూటికి తొంభై ఒక్కసార్లు ఆకారమే చెప్పారు. మోడల్ నూటికి ఇరవై నాలుగుసార్లే ఆకారం చెప్పింది, మిగతావన్నీ పైపొరే. కుర్చీని చేప అంది. ఆ మోడల్‌కే పైపొరలు కలగాపులగం చేసిన ఫొటోలతో నేను మళ్ళీ నేర్పాను. అది ఎనభై ఎనిమిదికి వచ్చింది. "మనిషిలా చూసే మోడల్" అని పేపర్ పేరులోనే పెట్టాం.

నలభై మంది కావాలి. సెలవులిచ్చేశారు, ఐదుగురు తక్కువ పడ్డారు. ఇంట్లో ఆ మాట ఎత్తాను.

"మేం రామా? మావి కళ్ళు కావా?" అంది అమ్మ.

అమ్మ బట్టల మిల్లులో చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తుంది. ఇరవై ఏడేళ్ళుగా. తానుల్లో లోపాలు పట్టుకుంటుంది.

మార్చి 7, శుక్రవారం

వాళ్ళు ల్యాబ్‌కి వచ్చిన ఆదివారం గురించి.

ఐదుగురు వచ్చారు. ఒకే టేబుల్ వాళ్ళు. అమ్మ, పిట్ట పిన్ని, ఇంకో ముగ్గురు. పిట్ట పిన్ని మా చుట్టం కాదు. మనిషి పొట్టి, నోరు ఆగదు, అందుకని మిల్లులో అందరూ పిట్ట అంటారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పిన్ని.

గుమ్మం దగ్గర ఐదు జతల చెప్పులు వరసగా విప్పారు. విప్పక్కర్లేదంటే వినలేదు. "కంప్యూటర్లున్న గదిలోకి చెప్పులతోనా?" అంది పిన్ని. ఒక్కొక్కరికీ నంబరు చీటీ ఇచ్చాను. అమ్మది ముప్పై ఎనిమిది. గబగబా చదవలేనివాళ్ళు నోటితో చెప్పొచ్చని, మేం బటన్ నొక్కొచ్చని అనుమతి పత్రంలోనే ఉంది. సూచనలు చదివి వినిపించాను. వాళ్ళు చెప్పారు, నేను నొక్కాను.

చేప. ఎలుగుబంటి. ఇటుకలు. చేప. తాడు. ఇటుకలు.

మొదట నన్ను ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాను. ఐదుగురూ అంతే. నూటికి ఇరవై రెండుసార్లే ఆకారం.

అయిపోయాక అమ్మ అడిగింది, "పాసయ్యానా?"

"ఇది పరీక్ష కాదమ్మా."

"కాకపోతే నంబరెందుకు ఇచ్చావు?"

"బాగా చేశావు" అన్నాను. ఆ చీటీని మడిచి కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంది.

తర్వాతి వారం గ్రాఫ్ చూపిస్తే మేడం వేలు పెట్టి అడిగారు. మనుషుల చుక్కలన్నీ పైన గుంపుగా ఉన్నాయి. ఐదు మాత్రం కింద, మోడల్ చుక్క పక్కన. "వీళ్ళెవరు?"

"బయటివాళ్ళు మేడం."

"సూచనలు అర్థమయ్యాయా వీళ్ళకి?"

"అయి ఉండకపోవచ్చు మేడం."

"అయితే తీసెయ్. కారణం మాత్రం రాయి."

అయి ఉండకపోవచ్చు అన్నాను. అర్థం కాలేదు అనలేదు. అది అబద్ధం కాదు. అవునో కాదో నాకూ తెలీదు కదా. వృత్తి అన్న గడిలో ఐదుగురికీ "ఇతర" అని రాశాను. అదీ తప్పు కాదు. విద్యార్థులు కానివాళ్ళు ఇతరులే.

మార్చి 9, ఆదివారం

ఇంటికి వెళ్ళాను. పేపర్ ప్రింటు తీసుకెళ్ళాను. నాన్న దాన్ని చేతులు కడుక్కుని పట్టుకున్నాడు. నాన్న బస్సు డ్రైవరు. డిపోలో అందరికీ చెప్పేశాడట, మా అమ్మాయి కంప్యూటర్‌కి చూడడం నేర్పిస్తోందని.

"కండక్టర్ ఏమన్నాడో తెలుసా? అయితే మీ అమ్మాయి కళ్ళ డాక్టరన్నమాట, మా అత్తకి శుక్లం ఉంది, ఎప్పుడు తీసుకురమ్మంటారు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ముందు కంప్యూటర్లు అవనీ, తర్వాత మీ అత్త అన్నాను."

అమ్మ నవ్వలేదు. ప్రింటు వైపే చూస్తోంది. "ఇందులో మేం ఉన్నామా?" అంది.

"ఉన్నారు."

"ఎక్కడ?"

"లోపల ఉంటుందిలే. వచ్చే వారం చదివి చెప్తా, ఇప్పుడు బస్సు టైమైంది."

బస్సుకి ఇంకా గంటంపావు ఉంది. స్టాపులో నిలబడలేక ముందు స్టాపు దాకా నడిచాను. అక్కడా నిలబడలేకపోయాను.

మార్చి 10, సోమవారం

పెద్ద విషయం కాదు. నలభైలో ఐదు.

మార్చి 12, బుధవారం

చెవులాయన్ని అడిగాను, ఆ ఐదుగురినీ మళ్ళీ కలిపితే ఏమవుతుందని. మాట ముఖ్యమైతే ఆయన ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ జరుపుతాడు. జరిపాడు.

"గ్రాఫ్ పాడవుతుంది."

"పాడవడమంటే?"

"మనుషులంతా ఒక పక్క, పాత మోడల్ ఇంకో పక్క. నువ్వు నేర్పావు, అది మనుషుల పక్కకొచ్చింది. ఇదీ కథ. ఇప్పుడు ఐదుగురు మనుషులు వెళ్ళి పాత మోడల్ పక్కన కూర్చుంటే కథేం మిగిలింది తల్లీ?"

"ఐదుగురే కదా."

"ఐదుగురే. అందుకే తీసేశాం." రెండో చెవి కూడా జరిపాడు. "ఏంటి, ఇప్పుడెందుకొచ్చింది ఇది?"

"ఊరికే. మెలకువ బొమ్మల్లో వాళ్ళకెన్నొచ్చాయో చూశావా?"

"లేదు. నువ్వు చూశావుగా."

చూశాను. ఒక్కొక్కరికీ ఇరవై నాలుగుకి ఇరవై నాలుగు. ఐదుగురూ ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. అది జనవరిలోనే చూశాను.

"పన్నెండో నంబరుకి పంతొమ్మిది" అన్నాను.

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "వాడు నా రూమ్మేటు. పరీక్షలైపోయాయని రెండు రోజులు నిద్రలేకుండా తిరిగొచ్చి చేశాడు. మధ్యలో గుర్రు వినపడలేదూ నీకు?"

వినపడింది. భుజం తట్టి లేపాను కూడా. వాణ్ణి ఉంచాం. నిద్రలో కూడా ఆకారమే చెప్పాడు మరి.

మార్చి 13, గురువారం

ప్రయోగాల నోటుబుక్కు తీశాను. ఎవరొచ్చారు, ఎన్నింటికి మొదలైంది, ఏమడిగారు, అన్నీ అప్పటికప్పుడు రాయాలి అందులో. నలభయ్యో నంబరు పేజీ. పిట్ట పిన్నిది. నా చేతిరాతే.

"అభ్యాసం బొమ్మ 3 దగ్గర ఆపి అడిగారు: 'ఇది కుర్చీ ఆకారంలో కోసిన చేప తోలు. ఏది చెప్పమంటావు, కోతా, తోలా?' జవాబు: మీకేది కనిపిస్తే అది."

రెప్పపాటులో రెండూ చూసింది. చూసి, ఏది కావాలో అడిగింది. ముప్పై ఐదుగురు విద్యార్థుల్లో ఒక్కరు కూడా ఆ మాట అడగలేదు. నేనే తేల్చి చెప్పలేదు. సూచన నాకే అర్థం కాలేదు.

ఇది రాసుకున్న సంగతి నాకు గుర్తు లేదని ఈ డైరీకి కూడా చెప్పలేను. శుక్రవారం అంతా రాశాను, ఇది ఒక్కటే వదిలేశాను.

మార్చి 14, శుక్రవారం

నిన్నటిది మళ్ళీ చదవలేదు. టీ మూడుసార్లు. మెట్లు ఆరుసార్లు.

మార్చి 15, శనివారం

ఎందుకు "బయటివాళ్ళు" అన్నానో రాయాలి.

ఇక్కడ చేరిన కొత్తలో అందరూ ఇంట్లోవాళ్ళ సంగతి చెప్పుకునేవాళ్ళు. ఒకమ్మాయి వాళ్ళమ్మ లెక్చరరు, ఇంకొకరి నాన్న ఇంజనీరు. నన్నడిగితే "అమ్మ టెక్స్‌టైల్స్‌లో ఉంది" అన్నాను. ఏదో వ్యాపారం అనుకున్నారు. అనుకోనిచ్చాను. మా ఇంట్లో బడి దాటి చదివింది నేనొక్కదాన్నే. నాకు మొదటిసారి అక్షరాలు దిద్దించింది పక్కింటి మాస్టారు. అమ్మ పక్కన కూర్చుని పలక మీద నా గీత ఎక్కడ వంకరపోయిందో చూపించేది. అక్షరం ఏదో తనకి తెలీదు. వంకర మాత్రం తెలిసేది.

మేడం గ్రాఫ్ మీద వేలు పెట్టింది అమ్మ చుక్క మీదే. "మా అమ్మ, మేడం" అంటే ఆవిడ మొహంలో ఏదో వస్తుందనుకున్నాను. పాపం అన్నట్టు. మేడం అలాంటి మనిషి కాదు. ఐదేళ్ళలో ఎప్పుడూ అలా చూడలేదు.

మార్చి 16, ఆదివారం

అమ్మ భోజనాలయ్యాక చాప వేసింది. నాన్న గోడకి ఆనుకున్నాడు. "ఊఁ, చదువు" అంది.

పేపర్ భాష వేరు కాబట్టి ఒక్కో వాక్యం చూసుకుంటూ మన మాటల్లో చెప్పాను. పేచీ బొమ్మల దగ్గర నాన్న ఆపి ఆపి అడిగాడు. బాతు ఇటుకల సంగతి విని, "అది బాతుల కొంపన్నమాట" అన్నాడు. మోడల్ అంటే ఏంటని అమ్మ అడిగింది.

"ఏమీ తెలీని పిల్ల అనుకో. ఇది కుర్చీ, ఇది చేప అని లక్షలసార్లు చూపిస్తాం. ఏం చూసి గుర్తుపట్టాలో మనం చెప్పం. అదే పట్టుకుంటుంది."

"కొత్తగా టేబుల్ దగ్గరికొచ్చిన పిల్లకీ అంతే. ఏం చూడాలో చెప్పలేం. తానులు పోనిస్తుంటే అదే పట్టుకుంటుంది."

"ఊఁ" అని ముందుకెళ్ళాను. "ప్రయోగంలో ముప్పై ఐదుగురు పాల్గొన్నారు." ఆ తర్వాతది ఆ వాక్యం. దాన్ని దాటేసి కిందది అందుకున్నాను.

"ఆగు" అంది అమ్మ. "ఒక పోగు వదిలేశావు."

"ఏం లేదమ్మా."

"గొంతు పట్టింది అక్కడ. సరేలే. ముప్పై ఐదుగురన్నావా?"

"ఊఁ."

కళ్ళజోడు పెట్టె తెచ్చింది. చీటీ తీసి చాప మీద పెట్టింది. అంకెలు తెలుసు తనకి, తానులకి నంబర్లుంటాయి. "ముప్పై ఐదుగురే ఉంటే ముప్పై ఎనిమిది ఎక్కడ?"

"అది వేరే లెక్కమ్మా. నంబర్లు వేరే."

"అలాగా" అంది. అంతే. చీటీ మళ్ళీ మడిచి లోపల పెట్టింది. నేను గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే, "కాలుగాలిన పిల్లిలా తిరక్కు, కూర్చో" అంది. కూర్చోలేదు.

నాన్న ప్రింటు జేబులో పెట్టుకున్నాడు. దాచిపెడతాడనుకున్నాను.

మార్చి 17, సోమవారం

ముప్పై ఎనిమిది ఎక్కడ.

మార్చి 18, మంగళవారం

నాన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. అమ్మ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయింది, తను డ్యూటీకి వెళ్ళిపోయాడు, నువ్వు కాస్త మిల్లులో ఇచ్చి రా అని. ఇరవై ఏడేళ్ళలో అమ్మ కళ్ళజోడు మర్చిపోవడం నేనెరగను.

గేటాయన లోపలికి పంపించాడు. చిన్నప్పుడు వాకిలి దాకా వచ్చాను తప్ప ఆ గదిలోకి ఎప్పుడూ వెళ్ళలేదు. వాలుగా పెట్టిన పెద్ద గాజు బల్ల, వెనకనుంచి ట్యూబ్‌లైట్లు. పైనుంచి తెల్లటి గుడ్డ జారుతూ వస్తుంది. ఐదుగురూ వరసగా నిలబడి ఉన్నారు. కళ్ళజోడిస్తే అమ్మ పెట్టుకుంది. ఎవరూ గుడ్డ వైపు గుచ్చి చూడడం లేదు. ఊరికే చూస్తున్నారు. అంతలో అమ్మ కాలితో పెడలు నొక్కింది. గుడ్డ ఆగింది.

"రా. చూడు. ఏం కనిపిస్తోంది?"

తెల్లటి గుడ్డ కనిపిస్తోంది. దగ్గరికి వంగాను. పక్కనుంచి చూశాను. తెల్లటి గుడ్డే.

"ఏం లేదమ్మా."

అమ్మ నా మొహం వైపు చూసి చాలా మామూలుగా అడిగింది. "సూచనలు అర్థం కాలేదా నీకు?"

పిట్ట పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. మిగతా ముగ్గురూ తలలు తిప్పేశారు.

ఆదివారం నేనొచ్చేశాక నాన్న ఆ ప్రింటు పక్కింటి మాస్టారికి ఇచ్చాడట. మాస్టారు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారట. ఏ పోగూ వదలకుండా.

అమ్మ నా వేలు పట్టుకుని గుడ్డ మీద ఒకచోట పెట్టింది. అప్పుడు తగిలింది. ఒక పోగు తెగి మళ్ళీ అతుక్కున్నచోట చిన్న గరుకు. తర్వాత కొంగున ఉన్న ఎర్ర దారం తుంపి ఆ వరసకి సరిగ్గా అంచున ముడేసింది. పెడలు వదిలింది. గుడ్డ కదిలింది.

"కోసి పారెయ్యరా?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"కత్తెర మా చేతికివ్వరు. ఇస్తే మొహమాటానికి కోసేస్తాం, వీడి మగ్గంలో తప్పొచ్చింది పాపం అని. కోస్తే తాను పొట్టిదవుతుంది. కొన్నవాడు కొలుచుకుంటే తెలిసిపోదూ? దారం కట్టి వదలాలి. ఇక్కడుంది, చూసుకోండి అని. అది తప్పో, నేతలో కొత్త వాటమో పైవాళ్ళు తేల్చుకుంటారు."

షిఫ్టు దిగాక గేటు పక్క బెంచీ మీద ఐదుగురినీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. బయటివాళ్ళు అన్నది కూడా. "ఇతర" అని రాసింది కూడా. అమ్మ వింటూ కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. తుడిచిందే తుడిచింది.

"అర్థం కానిది మాకా?" అంది పిట్ట పిన్ని. "కోతా, తోలా అని నిన్నడిగానా లేదా? ఏది కనిపిస్తే అది అన్నావు. గుడ్డ ముందు నిలబెట్టి గుడ్డ కాకుండా ఇంకేం చూస్తామే?"

"అడిగావు పిన్నీ. రాసిపెట్టాను కూడా."

"మరి?"

చివరికి అమ్మ అంది. "మీ మేడంకి మా పనేంటో చెప్పావా?"

"లేదు."

"సిగ్గేసిందా?"

తలూపాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. "పోనీలే. బస్సొస్తోంది, పరిగెత్తు" అంది. పరిగెత్తలేదు. ఆ బస్సు పోయాక ఇంకో బస్సు వచ్చేదాకా అందరం అక్కడే కూర్చున్నాం. పిన్ని అంతసేపూ ఏదో మాట్లాడుతూనే ఉంది. చేప పులుసో ఏదో. నాకేం వినపడలేదు.

మార్చి 19, బుధవారం

ఐదుగురినీ కలిపి లెక్క మళ్ళీ వేశాను. మనుషుల సగటు తొంభై ఒకటి నుంచి ఎనభై రెండుకి దిగింది. అది పెద్ద సంగతి కాదు. సంగతి సగటు కాదు, చుక్కలు రెండుగా విడిపోవడం. పైన ఒక గుంపు, కింద ఒక గుంపు, మధ్యలో ఎవరూ లేరు. చెవులాయన తెర వైపు చాలాసేపు చూసి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. పూర్తిగా తీసెయ్యడం ఇదే మొదటిసారి.

"వీళ్ళు ఏం చేస్తారన్నావు?"

"గుడ్డలో లోపాలు పట్టుకుంటారు. ఒకావిడ మా అమ్మ, ఇరవై ఏడేళ్ళుగా అదే పని."

"ముందే చెప్పొచ్చు కదే, పిచ్చిమొహమా." మళ్ళీ గ్రాఫ్ వైపు తిరిగాడు. "మన పేపర్ కంటే ఇదే బాగుంది. ఇరవై ఏడేళ్ళ ట్రైనింగ్." వెంటనే నా వైపు తిరిగి, "కానీ ఉద్యోగం?" అన్నాడు.

నాకూ అదే వినిపిస్తోంది పొద్దున్నుంచి.

మార్చి 20, గురువారం

మేడం వీడియోలో కనిపించారు. చెప్పాలని కాగితం మీద మూడు మాటలు రాసుకుని కూర్చున్నాను. మేడం ముందే అందుకున్నారు. ఆ ల్యాబ్ వాళ్ళు సదస్సులో కలిశారట, నా గురించి అడిగారట, ఆర్డరు తయారుగా ఉందట. మేడం మొహం వెలిగిపోతోంది. నాకోసం ఇంకొకరు అంత సంతోషపడడం ఇంట్లో తప్ప చూడలేదు.

"ఏంటి అలా ఉన్నావు? అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉంది మేడం."

తెర ఆరిపోయాక కూడా అక్కడే కూర్చున్నాను. కాగితం మీద మూడు మాటలు: మా అమ్మ, అర్థమైంది, దాచాను.

నోటితో నావల్ల కాదు. రాస్తాను.

మార్చి 21, శుక్రవారం

పంపాను. ఉదయం పదింటికి. మళ్ళీ నాకు నేనే వేరేగా చెప్పుకోకుండా ఆ ఉత్తరం ఇక్కడ కూడా రాసుకుంటున్నాను.

మేడం గారికి,

నిన్న అంతా బాగానే ఉందన్నాను. బాగాలేదు. వీడియోలో చెప్పలేక రాస్తున్నాను.

మన పేపర్లో సూచనలు అర్థం కానందువల్ల ఐదుగురిని తొలగించాం అన్న వాక్యం అబద్ధం. అది మీ తప్పు కాదు. అర్థమై ఉండకపోవచ్చని మీకు చెప్పింది నేను. వాళ్ళకి అర్థమైందని అప్పటికే నాకు తెలుసు. మెలకువ బొమ్మల్లో ఐదుగురికీ ఇరవై నాలుగుకి ఇరవై నాలుగు వచ్చాయి. నలభయ్యో నంబరు ఆవిడ అభ్యాసంలోనే, ఆకారం చెప్పాలా, పైపొర చెప్పాలా అని అడిగారు. నేను తేల్చి చెప్పలేదు. ప్రయోగాల నోటుబుక్కులో ఆ పేజీ ఉంది, ఫొటో జత చేశాను. కళ్ళు మూతలు పడుతూ పంతొమ్మిది తెచ్చుకున్న పన్నెండో నంబరుని ఉంచి, వీళ్ళని తీసేశాను.

వాళ్ళు బయటివాళ్ళని చెప్పాను. ఐదుగురూ బట్టల మిల్లులో గుడ్డ పరీక్షించేవాళ్ళు. పట్టికలో వృత్తి దగ్గర నేను "ఇతర" అని రాసిన చోట అదే రాయాలి. ముప్పై ఎనిమిదో నంబరు మా అమ్మ. అది చెప్పడానికి సిగ్గుపడ్డాను. సిగ్గుపడినందుకు ఇప్పుడు ఇంకా సిగ్గుగా ఉంది. సొంత తల్లిని ప్రయోగంలోకి తీసుకోవచ్చా లేదా అని కూడా ముందే మిమ్మల్ని అడగాల్సింది. అది తప్పయితే, ఆ కారణం చెప్పి ఆవిడ ఒక్కరినీ పక్కన పెట్టండి. అప్పుడు కూడా మిగతా నలుగురూ అలాగే ఉంటారు.

ఐదుగురితో ఏదీ తేలదని నాకు తెలుసు. వాళ్ళ వయసు వల్ల కావచ్చు, నోటితో చెప్పడం వల్ల కావచ్చు, నేను ప్రశ్న సరిగ్గా అడక్కపోవడం వల్ల కావచ్చు. కానీ తేలలేదని రాయడం వేరు, వాళ్ళసలు లేరని రాయడం వేరు. మా అమ్మావాళ్ళు గుడ్డలో లోపం దొరికితే అంచుకి ఎర్ర దారం కడతారు, కొయ్యరు. మన పట్టికలో కూడా ఐదుగురూ కనపడేలా ఉండాలని నా కోరిక. పేపర్ పేరులో "మనిషిలా" అన్నచోట "విద్యార్థుల్లా" అని ఉంటేనే నిజం. మార్చిన ప్రతి, కొత్త గ్రాఫ్ రెండూ జత చేశాను. పత్రిక వాళ్ళకి పంపాల్సింది మీరు కాబట్టి మీరు ఒప్పుకుంటేనే కుదురుతుంది. ఇది చూశాక పేపర్ వద్దని వాళ్ళన్నా, ఆ ల్యాబ్ వాళ్ళు నన్ను వద్దన్నా, నేను సిద్ధంగా ఉన్నాను. సిద్ధంగా ఉన్నానని రాస్తున్నాను గానీ, ఈ వాక్యం మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. మీరు వద్దనుకుని పాత ప్రతినే పంపితే మాత్రం దాని మీంచి నా పేరు తీసెయ్యండి.

ఇంకొక్కటి. ఈ పేపర్ కోసం కాదు, ముందుకి. ఐదుగురూ మళ్ళీ వస్తామన్నారు. ఈసారి రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలనుకుంటున్నాను, ఒకసారి ఆకారం, ఒకసారి పైపొర. అడిగినది అడిగినట్టు చెప్పగలిగితే వాళ్ళ కళ్ళు మన విద్యార్థుల కంటే ఎక్కువే చూస్తున్నాయన్నమాట. ఇంతవరకు ఏ మోడల్‌నీ మనం ఆ ప్రశ్న అడగలేదు. ఈసారి బటన్ నొక్కేది నేను కాదు, చెవులాయన నొక్కుతానన్నాడు.

27వ తేదీ గురువారం ఉదయానికి వాళ్ళు షిఫ్టు మార్చుకుని పెట్టుకున్నారు. మా అమ్మ పాత నంబరు చీటీనే తెస్తానంటోంది, కొత్తది వద్దట. రమ్మనాలో వద్దో బుధవారం సాయంత్రం షిఫ్టు దిగే వేళకి మిల్లు గేటు దగ్గర నేను వాళ్ళకి చెప్పాలి. అందుకని దయచేసి 26వ తేదీ బుధవారం సాయంత్రం ఐదింటిలోగా, అవుననో కాదనో, జవాబు రాయండి.